లోపల ఎంత, బయట ఎంత: వరంగల్ నుంచి చూస్తే ఇనార్గానిక్ కెమిస్టు పరిశోధన జీవితం

హనుమకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసేవాళ్లకు స్పెషలైజేషన్ ఎంచుకునే టైంలో సీనియర్లు, హాస్టల్ రూమ్మేట్లు, ఇంట్లో అన్నలు అందరూ చెప్పే మాట ఒకటే: "ఆర్గానిక్ తీసుకో, ఫార్మాలో జాబ్ దొరుకుతది." ఆ మాటలో అబద్ధం లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో ఎక్కువ భాగం పని కార్బన్ సమ్మేళనాల చుట్టూనే తిరుగుతుంది కాబట్టి పిల్లల మొగ్గు అటే ఉంటుంది, ఇనార్గానిక్ చాలామందికి కోరుకుని తీసుకున్నట్టు కాకుండా చివరికి మిగిలినట్టు వస్తుంది. అలా వచ్చినవాళ్లలోనే కొందరు పీహెచ్‌డీ చేస్తారు, పాఠాలు చెప్తారు, ముప్పై ఏళ్లు ఆ ల్యాబులోనే గడుపుతారు. అన్నేళ్లు వాళ్లు చేసేదేమిటో బయటివాళ్లకు దాదాపు తెలియదు. పక్క ల్యాబులో ఆర్గానిక్ చేసేవాళ్లకు కూడా పూర్తిగా తెలుసని చెప్పలేం.

ఇంటర్‌లో ఇనార్గానిక్ అంటే బట్టీ. గ్రూపులు, పీరియడ్లు, ఏ గ్యాసు ఏ రంగు. పరిశోధనలోకి వచ్చాక ఆ బట్టీ అంతా పక్కకు పోయి ఒక్క ప్రశ్న మిగులుతుంది. ద్రావణంలో ఒక లోహ అయాన్ ఉంది, దాని చుట్టూ రకరకాల అణువులు, అయాన్లు ఉన్నాయి. వాటిలో లోహానికి అతుక్కుని లోపల ఉన్నది ఎంత, విడిగా బయట తిరుగుతున్నది ఎంత? సమన్వయ సమ్మేళనాల మీద, అంటే అందరూ కాంప్లెక్సులని పిలిచేవాటి మీద, పనిచేసే కెమిస్టు జీవితంలో పెద్ద భాగం ఈ ప్రశ్నకు రకరకాల రూపాల్లో జవాబు వెతకడమే. ప్రశ్నను పట్టుకున్నవాళ్ల కెరీర్ ఒకలా సాగుతుంది, వదిలేసి సమ్మేళనాలు లెక్కపెట్టుకుంటూ పోయినవాళ్ల కెరీర్ ఇంకోలా సాగుతుంది. పేపర్ల జాబితాలు పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడే చిక్కు.

ఈ ప్రశ్న మొదట వేసినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. 1893లో ఆయన సిద్ధాంతం అచ్చయ్యే నాటికి వయసు 26, చేతిలో సొంత ప్రయోగాలు దాదాపు లేవు. అప్పటికి అందరినీ ఇబ్బంది పెడుతున్నవి కోబాల్ట్ క్లోరైడు, అమోనియా కలిసిన సమ్మేళనాలు. వాటిలో ఒక్కో కోబాల్ట్‌కు మూడు క్లోరిన్లు ఎప్పుడూ ఉంటాయి, అమోనియాలు మాత్రం ఆరు, ఐదు, నాలుగు ఇలా మారతాయి. ఆరున్నది పసుపు, ఐదున్నది ఊదా, నాలుగున్నది ఆకుపచ్చ. వీటిని నీళ్లలో కరిగించి సిల్వర్ నైట్రేట్ వేస్తే, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో క్లోరైడ్ పరీక్షకు వచ్చినట్టే పెరుగులాంటి తెల్లటి అవక్షేపం వస్తుంది. తేడా అంతా అది ఎంత వస్తుందన్న దగ్గరే. పసుపు దానిలో మూడు క్లోరిన్లూ అవక్షేపంగా దిగిపోతాయి, ఊదా దానిలో రెండే, ఆకుపచ్చ దానిలో ఒక్కటే. మిగతావి ఉన్నాయి, కానీ సిల్వర్‌కు దొరకవు.

కోపెన్‌హేగన్‌లో యోర్గెన్‌సెన్ అనే పెద్ద కెమిస్టు దీనికి అమోనియాలు గొలుసులా ఒకదానికొకటి తగిలి ఉంటాయని వివరణ ఇచ్చాడు. వెర్నర్ గొలుసు వద్దన్నాడు. కోబాల్ట్ చుట్టూ ఆరు చోట్లు ఉంటాయి, అమోనియా ఒకటి తగ్గితే ఆ ఖాళీలోకి ఒక క్లోరిన్ వెళ్లి కూర్చుంటుంది, లోపల కూర్చున్న క్లోరిన్ సిల్వర్‌కు దొరకదు అన్నాడు. నాలుగు అమోనియాల దాకా రెండు సిద్ధాంతాలూ ఒకే జవాబు చెప్తాయి. మూడు అమోనియాల దగ్గర దారులు విడిపోతాయి: గొలుసు లెక్కన అప్పుడూ ఒక క్లోరిన్ బయట ఉండాలి, వెర్నర్ లెక్కన మూడూ లోపలే ఉండి ద్రావణం కరెంటును మోయకూడదు. మియోలాటి అనే కెమిస్టుతో కలిసి విద్యుత్ వాహకత కొలిస్తే ఫలితాలు వెర్నర్ వైపే నిలిచాయి. ఆ ఆరు చోట్లు ఏ ఆకారంలో ఉన్నాయన్నది తర్వాతి ప్రశ్న. నాలుగు అమోనియాలు, రెండు క్లోరిన్లు ఉన్నప్పుడు ఆరు మూలల బల్లపరుపు ఆకారమైతే మూడు రూపాలు రావాలి, అష్టముఖి అయితే రెండే రావాలి. ఆకుపచ్చది చేతిలో ఉంది, రెండోది, నాలుగు అమోనియాలతోనే ఉన్న ఊదారంగుది, 1907లో గానీ దొరకలేదు. దాన్ని చూశాకే యోర్గెన్‌సెన్ ఒప్పుకున్నాడు. 1911లో వెర్నర్ తన విద్యార్థి విక్టర్ కింగ్‌తో కలిసి ఒక కోబాల్ట్ సమ్మేళనాన్ని కుడి, ఎడమ రూపాలుగా విడదీశాడు, 1913లో నోబెల్ వచ్చింది. అయినా ఆ కుడిఎడమల తేడా కార్బన్ వల్లే వస్తుందని కొందరు పట్టుబడితే, 1914లో కార్బన్ అసలే లేని కోబాల్ట్ సమ్మేళనాన్ని విడదీసి చూపించాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే ప్రశ్న. చేతిలో ఉన్న పరికరాలు ఈనాటి డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉన్నవాటి కంటే గొప్పవేం కావు.

ఆ మాట ఇక్కడ చెప్పుకోవడానికి కారణం ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది, కాజీపేట పక్కన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా 1959లో మొదలైనది 2002లో ఎన్‌ఐటీ అయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కోట్లు పలికే పరికరాలు అడిగిన వెంటనే రావు. అందుకే 1970, 80ల్లో మన దేశంలో చాలా విశ్వవిద్యాలయాల్లో ఇనార్గానిక్ పరిశోధన అంటే పీహెచ్ మీటర్, బ్యూరెట్. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది పొరపాటు. అసలు ప్రశ్నకు అంకెల్లో జవాబు ఇచ్చే పద్ధతుల్లో అంత నిజాయితీగలవి తక్కువ.

పని ఇలా ఉంటుంది. మూడు బీకర్లు. ఒకదానిలో ఆమ్లం మాత్రమే, రెండోదానిలో ఆమ్లంతో పాటు లైగాండ్, అంటే లోహానికి అతుక్కునే అణువు, మూడోదానిలో ఆ రెండింటితో పాటు లోహ లవణం. మూడింటి ఘనపరిమాణం ఒకటే, కలిపిన పొటాషియం నైట్రేట్ కూడా సమానమే. బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా వదులుతూ, ప్రతిసారీ మీటర్ ముల్లు నిలిచేదాకా ఆగి, పీహెచ్ రాసుకుంటూ పోవాలి. గ్రాఫ్ గీస్తే మూడు గీతలు వస్తాయి. లోహం లైగాండ్‌ను పట్టుకున్నప్పుడు లైగాండ్ తన ప్రోటాన్‌ను వదిలేస్తుంది, వదిలిన ప్రోటాన్‌ను తటస్థం చేయడానికి అదనంగా క్షారం కావాలి, అందుకని మూడో గీత పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే సగటున ఒక్కో లోహ అయాన్‌కు ఎన్ని లైగాండ్లు అతుక్కున్నాయో తెలుస్తుంది, అక్కడి నుంచి ఆ పట్టు ఎంత గట్టిదో చెప్పే స్థిరత్వ స్థిరాంకం. ఇర్వింగ్, రోసోటీ 1950ల్లో సరిచేసి పెట్టిన పద్ధతి ఇది. కంటికి కనిపించని అతుకును ఒక గీత పక్కకు జరగడంలో చదవొచ్చు.

చెప్పడానికి తేలికే, చేస్తే చుక్కలు కనిపిస్తాయి. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూనే ఉంటుంది, నిన్న కలిపింది ఇవాళ నమ్మడానికి లేదు. ద్రావణంలోకి నైట్రోజన్ వదులుతూ ఉండాలి. మీటరును బఫర్లతో సరిచూసుకోకుండా మొదలుపెడితే రోజంతా వృథా. ఉష్ణోగ్రత కదలకూడదు. పాత భారతీయ పేపర్లు తిరగేస్తే పుస్తకాల్లో ఉండే 25 డిగ్రీలకు బదులు తరచుగా 30 కనిపిస్తుంది. హీటర్ మాత్రమే ఉన్న వాటర్ బాత్ గది వేడి కంటే కిందికి దించలేదు కాబట్టి మన వాతావరణంలో 30 దగ్గర నిలపడం సులువు. వరంగల్ మే నెలలో అదీ కష్టమే, ఫ్యాన్ వేస్తే ఉష్ణోగ్రత కదులుతుంది, ఆపితే మనిషి నిలబడలేడు. అంత పని తర్వాత చేతికి వచ్చేది ఒక్క అంకె. ఆ అంకెకు విలువ ఎక్కడ వస్తుందంటే, పక్కపక్కన పెట్టినప్పుడు. మాంగనీస్, ఐరన్, కోబాల్ట్, నికెల్, కాపర్ దాకా పట్టు పెరుగుతూ పోయి జింక్ దగ్గర పడిపోతుందని ఇర్వింగ్, విలియమ్స్ 1948లో చెప్పింది ఇలాంటి అంకెల వరసలను చూసే. లైగాండ్ మారినా ఆ వరస దాదాపు మారదు. మన కణాలు కాపర్‌ను విడిగా తిరగనివ్వకుండా ప్రోటీన్లలో కట్టిపడేసి ఉంచడానికి కారణం కూడా ఇందులోనే ఉంది: వదిలేస్తే అది జింక్ ఉండాల్సిన చోట్లోకి దూరిపోతుంది.

తర్వాత కాలం షిఫ్ బేస్‌లది, అంటే ఆల్డిహైడ్, అమీన్ కలిస్తే వచ్చే సమ్మేళనాలది. హ్యూగో షిఫ్ 1864లో వీటి గురించి రాశాడు, ఇవాళ తెలంగాణలో ఏ ఇనార్గానిక్ ల్యాబు తలుపు తట్టినా ఎక్కడో ఒకచోట ఇవి ఉంటాయి. కారణం తెలుసుకోవాలంటే ఒకసారి చేస్తూ చూడాలి. శాలిసిలాల్డిహైడ్ నూనెలాంటి ద్రవం, చేదు బాదం వాసన. దాన్ని ఇథనాల్‌లో కలిపి ఇథిలీన్ డయమీన్ వేయగానే కళ్లముందే పసుపు తిరుగుతుంది, చల్లారాక మెరిసే పసుపు రేకులు కిందికి దిగుతాయి. వాటిని మళ్లీ వేడి ఇథనాల్‌లో కరిగించి కాపర్ అసిటేట్ పోస్తే ముదురు ఆకుపచ్చ, నికెల్ అసిటేట్ పోస్తే నారింజ కలిసిన ఎరుపు. వడకట్టి, చల్లటి ఇథనాల్‌తో కడిగి, డెసికేటర్‌లో పెట్టాలి. ఖరీదైన రసాయనాలు అక్కర్లేదు, గాలి తగలకుండా చేసే సామగ్రి అక్కర్లేదు, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి కొత్త పదార్థం చేతిలో ఉంటుంది. ఆల్డిహైడ్ మార్చినా, అమీన్ మార్చినా, లోహం మార్చినా ఇంకొకటి. సులువు ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది.

చేసినదేమిటో రుజువు చేయడమే అసలు పని. ఇన్‌ఫ్రారెడ్‌లో కార్బన్, నైట్రోజన్ ద్విబంధానికి 1630 ప్రాంతంలో వచ్చే గీత పది ఇరవై అంకెలు కిందికి జారితే నైట్రోజన్ లోహాన్ని పట్టుకుందని అర్థం. అయస్కాంత తులలో నికెల్ కాంప్లెక్సు ఏమీ ఆకర్షణ చూపకపోతే అది చదునుగా నాలుగు మూలలతో ఉందని అర్థం. ఇక కొన్నిటికి ఊరు దాటాల్సిందే. మూలకాల విశ్లేషణకు లక్నో, జంట లేని ఎలక్ట్రాన్లను చూసే ఈఎస్‌ఆర్‌కు బొంబాయి ఐఐటీ, ఒకే స్ఫటికం మీద ఎక్స్‌రే పంపి చూసే సింగిల్ క్రిస్టల్‌కు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇలా చిన్న సీసాల్లో మిల్లీగ్రాముల పొడి పోస్టులో వెళ్తుంది, స్కాలర్ ఎదురుచూస్తాడు. క్రిస్టల్ కథ వేరే. బీకరు మీద రేకు కప్పి, సూదితో నాలుగు రంధ్రాలు పొడిచి, ఎవరూ కదపని మూలన పెట్టి, రోజూ తొంగి చూడటం. మిల్లీమీటరులో మూడో వంతు ఉన్న మంచి స్ఫటికం దొరికితే అణువుల మధ్య దూరాలతో సహా బొమ్మ వస్తుంది, ఇక వాదన ఉండదు. పొడి మాత్రమే మిగిలితే ఆకారం గురించి ఎంత రాసినా అది ఊహ కిందికే వస్తుంది, పేపర్లో అలాగే రాయాలి కూడా.

ఈ కాంప్లెక్సుల పేపర్లలో సగం దాకా ఇలా చదివి, తర్వాత ఒక్కసారిగా డీఎన్ఏ ఎందుకు వస్తుందని కొత్తగా చదివేవాళ్లు ఆశ్చర్యపోతారు. దాని వెనుక సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఉంది. 1845లోనే పేరోన్ తయారుచేసిన ప్లాటినం సమ్మేళనం అది. 1960ల్లో అమెరికాలో రోసెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావం చూద్దామని ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెడితే, బ్యాక్టీరియా విభజన ఆగి పొడుగాటి దారాల్లా పెరిగాయి. విద్యుత్ వల్ల కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి ఊడిన ప్లాటినం, ద్రావణంలోని అమ్మోనియం క్లోరైడుతో కలిసి ఏర్పడిన కాంప్లెక్సుల వల్ల. 1965లో పేపరు, 1978లో అమెరికాలో మందుగా అనుమతి. వెర్నర్ ప్రశ్న ఇక్కడ మనిషి ఒంట్లో పనిచేస్తుంది: రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి ప్లాటినం మీది రెండు క్లోరిన్లు లోపలే ఉంటాయి, కణంలోకి వెళ్లాక క్లోరైడ్ తక్కువ, అవి బయటకు పోతాయి, ఖాళీ అయిన రెండు చోట్లనూ డీఎన్ఏలోని గ్వానిన్లు పట్టుకుంటాయి. రెండు క్లోరిన్లు పక్కపక్కన ఉన్న రూపమే మందు, ఎదురెదురుగా ఉన్న రూపం అందుకు పనికిరాలేదు.

ఆ విజయం చూసి ప్రపంచమంతా లోహాలను డీఎన్ఏ దగ్గరికి తీసుకెళ్లింది, మన దగ్గర ఇంకో కారణం కూడా కలిసింది. ఈ ప్రయోగానికి కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచే యూవీ-విజిబుల్ యంత్రం ఒకటి, దూడ థైమస్ డీఎన్ఏ కొంచెం ఉంటే చాలు. డీఎన్ఏ కలుపుతూ పోతే శోషణ తగ్గుతుంది, దాన్నిబట్టి బంధన స్థిరాంకం లెక్కగడతారు. అది మంచి కొలతే. కానీ కువెట్‌లో, అంటే కొలతకు వాడే చిన్న గొట్టంలో, డీఎన్ఏకు అతుక్కున్నది క్యాన్సర్ మందు అయిపోదు. ఒంట్లోకి వెళ్లాక ఆ కాంప్లెక్సు అలాగే ఉంటుందా, కణంలోపలికి చేరుతుందా, మంచి కణాన్ని వదిలి చెడ్డదాన్నే పట్టుకుంటుందా అనేవి వేరే ప్రశ్నలు. వాటిలో మొదటిది మాత్రం పూర్తిగా ఇనార్గానిక్ కెమిస్టుదే: నీళ్లలో ఇరవైనాలుగు గంటలు ఉంచితే లైగాండ్ లోపలే ఉందా, ఊడి బయటకు వచ్చిందా? షిఫ్ బేస్‌లలో కొన్ని నీటిలో విడిపోతాయి. అది చూడకుండా తర్వాతి పట్టికలు ఎన్ని పెట్టినా, పనిచేసింది కాంప్లెక్సా, ఊడిపోయిన కాపరా అన్నది తేలదు. ఈ ఒక్క పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు, ఓపిక చాలు. ఇది తప్పనిసరి చేసుకున్న ల్యాబుల పేపర్లు తక్కువగా ఉంటాయి, నమ్మకంగా ఉంటాయి.

పేపర్లు తక్కువైతే ఏమవుతుందో స్కాలర్లకు బాగా తెలుసు. 2018 యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పిలిచే వడపోత పట్టికలో ఒక్కో పేపరుకు 2 మార్కులు, అన్నీ కలిపి 10కి మించవు. అయిదేళ్లు ఒక ప్రశ్న మీద కూర్చుని రాసిన దానికీ 2, ఆల్డిహైడ్ మార్చి నెలలో రాసిన దానికీ 2. పట్టిక ఇలా ఉన్నప్పుడు గైడు కూడా పిల్లవాడి భవిష్యత్తు చూసి రెండో దారే చూపిస్తాడు, అందులో ఆయన తప్పు వెతకడం న్యాయం కాదు. 2022 నిబంధనలు థీసిస్ ఇచ్చేముందు పేపరు తప్పనిసరి అన్న షరతు తీసేశాయి. మంచిదే, డబ్బు కడితే అచ్చేసే పత్రికల వైపు పోయే తొందర కొంత తగ్గాలి. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ లెక్క మొదలవుతుంది.

డబ్బు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000. అది రానివాళ్లు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరితే పొద్దున ఏదో జూనియర్ కాలేజీలో క్లాసులు చెప్పి, మధ్యాహ్నం ల్యాబుకు వచ్చి, రసాయనాలకు సొంత జేబులోంచి పెట్టుకుంటారు. పొద్దున లేకపోతే మూడు బీకర్ల టైట్రేషన్ ఒకే రోజు పూర్తికాదు. పరిశోధన నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ పొద్దుటి గంటల్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆ మాటలకు అర్థం లేదు.

అందరూ పాఠాలు చెప్పేవాళ్లే కాలేరు. ఫార్మా ఆర్గానిక్ వాళ్లదే అన్న నమ్మకం కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. మందుల తయారీలో పల్లాడియం ఉత్ప్రేరకం వాడకం పెరిగింది, ఆ పల్లాడియం మాత్రలో మిగిలిపోకూడదు, నోటి ద్వారా తీసుకునే మందులో రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. మందు అణువు పల్లాడియాన్ని పట్టుకుని వదలకపోతే దాన్ని ఏ లైగాండ్‌తో లాగాలో చెప్పగలిగేది స్థిరత్వ స్థిరాంకాలు తెలిసినవాళ్లే.

ఇక ఉత్తర తెలంగాణలో ఉండి పనిచేసేవాళ్లకు ప్రశ్నలు దూరంగా లేవు. రామగుండం ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్లు, భూపాలపల్లి దగ్గర చెల్పూరు కేంద్రం 1,100 మెగావాట్లు, రెండూ బొగ్గువే, మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ. ఆ బూడిద అంటే సిలికా, అల్యూమినా. సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేస్తే లోహ అయాన్లను పట్టే జియోలైట్ అవుతుంది, అయితే బూడిదలోని క్వార్ట్‌జ్, ములైట్ స్ఫటికాలు క్షారానికి ఒక పట్టాన లొంగవు. వాటిని తక్కువ ఖర్చుతో లొంగదీయడం ఒక జీవితకాలం సరిపోయే పని.

నీళ్ల ప్రశ్న ఇంకా దగ్గరిది. ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ పేరే వస్తుంది కానీ పాత వరంగల్ జిల్లాలో జనగామ వైపు బోర్లలోనూ ఆ బాధ ఉంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కూడా బోరు నీళ్ల వాడకం పూర్తిగా పోలేదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పరిమితి. పటిక, సున్నం వేసి తగ్గించే నల్లగొండ పద్ధతి నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో తెచ్చింది. పటికలోని అల్యూమినియం, నీటిలోని ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటుంది, ఆ పట్టు మీదే పద్ధతి నడుస్తుంది.

శుద్ధిచేసిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత మిగిలిందో చూడటానికి లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం బిగించిన ఎలక్ట్రోడ్ వాడతారు, మిల్లీవోల్టులు చూపే పీహెచ్ మీటరుకే దాన్ని తగిలించొచ్చు. అయితే ఆ స్ఫటికానికి కనిపించేది విడిగా తిరిగే ఫ్లోరైడ్ మాత్రమే. అల్యూమినియానికి అతుక్కుని నీటిలోనే కరిగి ఉన్న ఫ్లోరైడ్ దానికి కనపడదు, వెర్నర్ లోపలి క్లోరిన్లు సిల్వర్‌కు దొరకనట్టే. అందుకే కొలిచేముందు టిసాబ్ అనే ద్రావణం కలుపుతారు, అందులోని లైగాండ్ అల్యూమినియాన్ని తను పట్టుకుని ఫ్లోరైడును బయటకు తోస్తుంది. అది కలపడం మరిచి కొలిస్తే పటిక ఎక్కువ వేసిన కొద్దీ మీటరు మంచి అంకె చూపిస్తూ పోతుంది, బిందెలో మాత్రం ఫ్లోరైడ్ అల్యూమినియంతో కలిసి అలాగే ఉంటుంది.